యార్క్ కోటగోడ మీద మొదటి నడక: బ్యాగు సర్దుకోవడం నుంచి మెట్లు దిగేదాకా

ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్ నగరానికి చేరుకోవడం తేలికే. చిక్కంతా చేరుకున్నాకే మొదలవుతుంది. స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా కోటగోడ, దాని వెనక పెద్ద చర్చి బురుజులు, ఆ మధ్యలో ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొచ్చే సందులు. కొత్తవాళ్లు నేరుగా వెళ్లి ఆ సందుల్లో పడతారు. మధ్యాహ్నందాకా అక్కడక్కడే తిరిగి, కాళ్లు పీకుతుండగా గోడ గుర్తొస్తుంది. అప్పటికి పొద్దు వాలిపోతుంది, గోడ గేట్లకు తాళం పడిపోతుంది.

మనం ఆ వరస తిప్పేద్దాం. ముందు గోడ, తర్వాతే ఊరు. దీనికి రెండు కారణాలున్నాయి. గోడ మీద ఒక చుట్టు తిరిగామంటే నది ఎటుందో, స్టేషన్ ఎటుందో, మన హాస్టల్ ఎటుందో పటం చూడకుండానే తెలిసిపోతుంది. రెండోది, గోడకు మూసే వేళ ఉంది, వీధులకు లేదు. లీడ్స్‌లోనో మాంచెస్టర్‌లోనో చదువుకుంటూ వారాంతానికి బయల్దేరే తెలుగు పిల్లలైనా, ఇండియా నుంచి వీపు సంచితో వచ్చేవాళ్లయినా ఇదే వరసలో చేద్దాం.

బయల్దేరే ముందు తెలుసుకోవాల్సింది

క్రీ.శ. 71లో రోమన్లు ఇక్కడ సైనిక కోట కట్టుకున్నారు. దాని పేరు ఎబొరాకం. 866లో వైకింగులు ఊరిని పట్టుకుని యోర్విక్ అన్నారు. ఆ తర్వాత నార్మన్లు వచ్చారు. ఇప్పుడు మనం నడిచే రాతిగోడలో ఎక్కువ భాగం మధ్యయుగాల నాటిది. పొడవు దాదాపు 3.4 కిలోమీటర్లు. ఇంగ్లండ్‌లో ఇంత పొడవున మిగిలిన నగర గోడ మరొకటి లేదు. నడవడానికి టికెట్టు అక్కర్లేదు.

ఒక్క సంగతి ఇప్పుడే మనసులో పెట్టుకుందాం, లేకపోతే దారి అడిగిన ప్రతిసారీ తికమకపడతాం. యార్క్‌లో కోట ద్వారాన్ని 'బార్' అంటారు. పేరు చివర 'గేట్' అని ఉంటే అది వీధి. మిక్లెగేట్ అంటే వీధి, మిక్లెగేట్ బార్ అంటే ఆ వీధి చివరి ద్వారం.

కావలసినవి

1. రెండు బ్యాగులు. 35 నుంచి 40 లీటర్ల వీపు సంచి ఒకటి, దాంట్లో మడిచి పెట్టుకునే చిన్న బ్యాగు ఒకటి. పెద్దది హాస్టల్లో వదిలేస్తాం, చిన్నదే గోడ ఎక్కుతుంది.

2. పట్టున్న బూట్లు. గోడ మీది రాళ్లు ఏళ్ల తరబడి అడుగులు పడి నున్నబడ్డాయి. వాన పడితే జారతాయి. కొత్త బూట్లు ఇక్కడే మొదలుపెట్టకండి, ముందు వారం రోజులు ఇంటి దగ్గర వేసుకుని తిరగండి.

3. టోపీ ఉన్న వాన కోటు. గొడుగు వద్దు. గోడ మీద గాలికి గొడుగు తిరగబడుతుంది, దారి ఇరుకు కాబట్టి ఎదురొచ్చేవాళ్ల మొహానికి తగులుతుంది.

4. పొరలు పొరలుగా బట్టలు. ఒక దళసరి కోటు కన్నా టీషర్టు, దానిపైన స్వెట్టరు, ఆపైన వాన కోటు మేలు. ఎండ రాగానే ఒకటి తీసేస్తాం, గాలి రాగానే వేసుకుంటాం.

5. హాస్టల్ సామాను. చిన్న తాళం, తువ్వాలు, స్నానాల గదికి వేసుకెళ్లే చెప్పులు, చెవుల్లో పెట్టుకునే ఇయర్ ప్లగ్స్. తాళం మరిచిపోతే లాకరు ఉన్నా లేనట్టే.

6. ప్లగ్ అడాప్టర్. అక్కడి ప్లగ్గుకు మూడు పలక పిన్నులుంటాయి. కరెంటు వోల్టేజీ మనలాగే 230 కాబట్టి వేరే పరికరం అక్కర్లేదు.

7. తిండి. ఉప్మా మిక్స్, పులిహోర పేస్టు, ఆవకాయ చిన్న సీసా చాలు. ఇండియా నుంచి వచ్చేవాళ్లకు ఒక హెచ్చరిక: మాంసం, పాల పదార్థాలు తీసుకురావడానికి బ్రిటన్ ఒప్పుకోదు. నెయ్యి, కోవా, నేతి సున్నుండలు, చికెన్ పచ్చడి సూట్‌కేసులో పెట్టకండి. పచ్చి కరివేపాకు కూడా ఇంటి దగ్గరే వదిలేయండి.

8. కార్డు, నీళ్ల సీసా. కొన్ని దుకాణాలు నోట్లు అసలు తీసుకోవు, తాకిస్తే చాలే కార్డు దగ్గరుండాలి. కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు, కాబట్టి సీసా మనదే తీసుకెళ్దాం.

పద్ధతి: మొదటి భాగం, టికెట్లు, బస

1. రోజు ఎంచుకుందాం. శనివారం వద్దు. పెళ్లికి ముందు పార్టీలు చేసుకునే గుంపులు ఆ రోజే యార్క్‌కు వస్తాయి, హాస్టల్ మంచం ధర పెరుగుతుంది, రాత్రి నిద్ర ఉండదు. సోమవారం నుంచి గురువారం మధ్యలో రెండు రాత్రులు పెట్టుకుందాం. ఆగస్టులో గుర్రప్పందేల వారం, నవంబరు నడుమ నుంచి క్రిస్మస్ సంత రోజులు కూడా తప్పిద్దాం. మార్చి నెలాఖరు, ఏప్రిల్ మంచి కాలం. గోడ కింది గట్టంతా పచ్చటి డాఫొడిల్ పూలతో నిండి ఉంటుంది.

2. రైలు టికెట్ ముందే తీసుకుందాం. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి యార్క్‌కు దాదాపు రెండు గంటలు, లీడ్స్ నుంచి అరగంట లోపే. వారాల ముందు 'అడ్వాన్స్' టికెట్ కొంటే చవక. కాకపోతే ఆ టికెట్ మీద రాసిన రైలుకే అది చెల్లుతుంది. ముందు రైలు ఎక్కినా, తర్వాతి రైలు ఎక్కినా కొత్తగా డబ్బు కట్టాల్సిందే. 16 నుంచి 25 ఏళ్లవాళ్లకు, వయసు దాటినా పూర్తికాలం చదువుతున్న విద్యార్థులకు రైల్‌కార్డ్ ఉంటే టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది. ఆ కార్డు రైల్లో చూపించాలి, కాబట్టి ఫోన్ ఛార్జింగ్ చూసుకోండి.

3. హాస్టల్ ఎక్కడో చూసుకుందాం. పటంలో మిక్లెగేట్ వీధి వెతకండి. స్టేషన్ నుంచి నడక దూరం, గోడ లోపలే ఉంటుంది. గోడకు బయట, నది వెంట పోతే వచ్చే క్లిఫ్టన్ వైపు బసలు కాస్త నిదానంగా ఉంటాయి కానీ నడక ఎక్కువ. బుక్ చేసేముందు మూడు చూడండి: వంటగది ఉందా, గదికి చేరకముందూ ఖాళీ చేశాకా సామాను దాచుకోనిస్తారా, గదిలో ఎన్ని మంచాలు. పైబెర్తు కన్నా కిందిది అడగడం మంచిది.

పద్ధతి: రెండో భాగం, చేరిన రోజు

4. బ్యాగు దించేద్దాం. సాధారణంగా గది మధ్యాహ్నం తర్వాతే ఇస్తారు. అందాకా స్టేషన్‌లో కూర్చోనక్కర్లేదు. హాస్టల్‌కు వెళ్లి పెద్ద బ్యాగు సామాను గదిలో పెట్టి, పాస్‌పోర్ట్, డబ్బు, వాన కోటు, నీళ్ల సీసా చిన్న బ్యాగులోకి మార్చుకుందాం.

5. పొద్దు ఎప్పుడు గూకుతుందో చూద్దాం. ఫోన్‌లో సూర్యాస్తమయం వేళ చూడండి. డిసెంబరులో అక్కడ మధ్యాహ్నం 3:45 ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది, జూన్‌లో రాత్రి 9:30 దాకా వెలుతురుంటుంది. గోడను ఉదయం 8 ప్రాంతంలో తెరిచి, చీకటి పడే వేళకు మూస్తారు. మంచు గడ్డకడితే ఆ రోజు అసలు తెరవరు. మనకు కావలసింది రెండు గంటలు, ఫొటోలకు, అలుపు తీర్చుకోవడానికి మరో గంట. వెనక్కి లెక్క కట్టి మూడు గంటలు లేకపోతే నడక రేపు ఉదయానికి పెట్టుకుందాం. ఈ సాయంత్రం రైల్వే మ్యూజియానికో, నది ఒడ్డుకో వెళ్దాం.

పద్ధతి: మూడో భాగం, గోడ మీద

గోడ చుట్టూ పూర్తిగా లేదు, మధ్యలో తెగుతుంది. అక్కడే కొత్తవాళ్లు అయిపోయిందనుకుని వెనక్కి తిరుగుతారు. అందుకే ముక్కలుగా చెప్పుకుందాం.

6. స్టేషన్ ఎదుట ఎక్కుదాం. లెండల్ వంతెన దగ్గర, నదికి స్టేషన్ వైపు ఒడ్డున మెట్లున్నాయి. ఎక్కాక నది మన వెనక ఉండాలి. ఎడమ చేతి వైపు ఊరు, కుడి చేతి వైపు స్టేషన్. చుట్టూ తిరిగినంతసేపూ ఊరు ఎడమ చేతికే ఉంటుంది, అదే మన కొండగుర్తు. గడ్డి మొలిచిన ఎత్తయిన మట్టిగట్టు మీద ఈ గోడ కట్టారు కాబట్టి, చెరువు కట్ట మీద పోతూ కింద ఊరిని చూసినట్టుంటుంది.

7. మిక్లెగేట్ బార్ దాటుదాం. లండన్ వైపు నుంచి వచ్చే రాజులు ఈ ద్వారం గుండానే ఊళ్లోకి వచ్చేవారు. తిరుగుబాటు చేసినవాళ్ల తలలు నరికి పైన గుచ్చేది కూడా ఇక్కడే. 1460లో యార్క్ డ్యూక్ రిచర్డ్ తలను అలాగే పెట్టారు. ఇక్కడి నుంచి గోడ ఎడమకు వంగుతూ విక్టోరియా బార్ మీదుగా బెయిల్ హిల్ దిబ్బ దగ్గర దిగిపోతుంది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగండి.

8. మొదటి తెగిన చోటు: వంతెన దాటుదాం. ఎదురుగా స్కెల్డర్‌గేట్ వంతెన, కింద ఊజ్ నది. వంతెన దాటగానే ఎడమ చేతి వైపు గడ్డి దిబ్బ మీద గుండ్రటి రాతి కట్టడం కనిపిస్తుంది, అది క్లిఫర్డ్స్ టవర్. విలియం ది కాంకరర్ నదికి అటొకటి ఇటొకటి కోటలు వేయించాడు. ఇప్పుడే దిగివచ్చిన బెయిల్ హిల్ ఒకటి, ఇది రెండోది. 1190 మార్చిలో ఊళ్లోని యూదులు ప్రాణభయంతో ఈ కోటలోనే తలదాచుకున్నారు. మూక చుట్టుముట్టడంతో దాదాపు 150 మంది చనిపోయారు. దిబ్బ కింద ఫలకం ఉంది, చదివి వెళ్దాం. లోపలికి టికెట్టుంది. ఇప్పుడు ఎక్కితే గోడకు వేళ మించిపోతుంది కాబట్టి రేపు చూద్దాం.

9. మళ్లీ ఎక్కుదాం. టవర్ దాటి, ఫాస్ అనే చిన్న నది దాటితే ఫిషర్‌గేట్ పోస్టర్న్ అనే చిన్న బురుజు. అక్కడి మెట్లెక్కి వామ్‌గేట్ బార్ దాకా నడుద్దాం. ఇక్కడ తప్పకుండా కిందికి దిగి చూడండి. ద్వారం ముందు రెండు గోడలు రోడ్డు మీదికి పొడుచుకొచ్చి ఇరుకు దారిలా ఉంటాయి. ఒక తలుపు బద్దలు కొట్టి వచ్చిన శత్రువు ఆ ఇరుకులో చిక్కుకుపోతే, పై నుంచి కొట్టడానికి ఆ ఏర్పాటు. ఇంగ్లండ్‌లో ఇలాంటి ముందరి కట్టడం మిగిలిన నగర ద్వారం ఇదొక్కటే. అదే ద్వారానికి ఊరి వైపు చెక్క చట్రంతో కట్టిన పాత ఇల్లు అతికించినట్టుంటుంది.

10. రెండో తెగిన చోటు: కంగారుపడొద్దు. కాసేపు నడిస్తే రెడ్ టవర్ వస్తుంది. అంతదాకా రాయి చూసిన కళ్లకు ఎర్ర ఇటుక బురుజు. గోడ ఇక్కడ ఆగిపోతుంది. ఎవరూ పడగొట్టలేదు. విలియం కాలంలో కోట కందకం కోసం ఫాస్ నదికి అడ్డుకట్ట వేస్తే ఇక్కడ పెద్ద చెరువు, బురద నేల ఏర్పడ్డాయి. బురదను దాటి శత్రువు రాలేడు కాబట్టి గోడ అవసరం లేకపోయింది. ఇప్పుడక్కడ మామూలు రోడ్డుంది. ఫాస్ నదిని ఎడమ చేతి వైపు పెట్టుకుని ఫాస్ ఐలండ్స్ రోడ్డు వెంట పోదాం. మోటార్ల రొద తప్ప చూడ్డానికేమీ ఉండదు, చకచకా నడిచేద్దాం. లేయర్‌థార్ప్ వంతెన దగ్గర నది దాటగానే గోడ మళ్లీ మొదలవుతుంది.

11. అసలైన ముక్క. మంక్ బార్ అన్ని ద్వారాల్లోకీ ఎత్తయినది. పై నుంచి దించే ఇనుప తడక తలుపు ఇంకా అందులో ఉంది. ఇక్కడ కిందికి దిగి, ద్వారం అవతల గోడ మళ్లీ ఎక్కాలి. ఇక్కడి నుంచి బూతమ్ బార్ దాకా గోడ పాత రోమన్ కోట హద్దు వెంటే పోతుంది. ఎడమ చేతి వైపు పెద్ద తోటలు, వాటి వెనక యార్క్ మిన్‌స్టర్ చర్చి మొత్తం కనిపిస్తుంది. ఊళ్లోంచి చూస్తే ఏదో ఒక మూలే కనబడే కట్టడం ఇక్కడ ఈ కొస నుంచి ఆ కొస దాకా అందుతుంది. ఫొటోలు ఇక్కడికి దాచుకోండి. ఆగేటప్పుడు మాత్రం మలుపులో వెడల్పు ఉన్నచోట ఆగి, వెనకవాళ్లకు దారివ్వండి.

12. దిగుదాం. బూతమ్ బార్ దగ్గర దిగితే ఎగ్జిబిషన్ స్క్వేర్. అక్కడున్న విగ్రహం విలియం ఎట్టీ అనే చిత్రకారుడిది. 19వ శతాబ్దం మొదట్లో నగరపాలకులు ఈ గోడలను ఖర్చు దండగని కూల్చేయబోతే అడ్డుపడి పోరాడినవాళ్లలో ఆయనొకడు. ఆ విగ్రహం దగ్గర నుంచే స్వచ్ఛంద గైడ్లు ఊరు తిప్పి చూపిస్తారు. 1951 నుంచీ ఉచితంగానే చేస్తున్నారు, టిప్పు కూడా తీసుకోరు. రేపటి నడకల వేళలు ఇప్పుడే చూసి పెట్టుకుందాం.

పద్ధతి: నాలుగో భాగం, ఇప్పుడు ఊరు

13. మ్యూజియం గార్డెన్స్‌లో కూర్చుందాం. స్క్వేర్ పక్కనే ఉంది, ఉచితం. సెయింట్ మేరీస్ మఠం శిథిలాలు, రోమన్ల కాలపు మల్టాంగ్యులర్ టవర్ చూడొచ్చు. ఆ టవర్ గోడను దగ్గరికెళ్లి చూడండి. కింద చిన్న చిన్న రాళ్లు, మధ్యలో ఎర్రటి పలకల వరస, అదంతా రోమన్ పని. పైన పెద్ద రాళ్లు మధ్యయుగం పని.

14. షాంబుల్స్‌కు పొద్దున్నే వెళ్దాం. ఇది ఒకప్పటి కసాయివాళ్ల వీధి. పై అంతస్తులు ముందుకు వాలి ఎదురింటిని తాకబోతున్నట్టుంటాయి. ఉదయం 9 లోపు వెళ్తే వీధి మనదే, 11 దాటితే తలలే కనిపిస్తాయి. తల ఎత్తి దుకాణాల చూరు కింద చూడండి, మాంసం వేలాడదీసిన ఇనుప కొక్కేలు ఇంకా ఉన్నాయి. కిటికీల కింది వెడల్పాటి చెక్క పలకలు మాంసం పరచడానికే.

15. మిన్‌స్టర్. దాదాపు 1220లో మొదలుపెట్టి 1472లో ముగించారు. లోపల తూర్పు కిటికీ ముందు తీరిగ్గా కూర్చోండి. జాన్ థార్న్‌టన్ బృందం 1405 నుంచి 1408 దాకా చేసిన రంగుటద్దాల కిటికీ అది. లోపలికి టికెట్టుంది, పెద్ద సామాను రానివ్వరు. గోపురం ఎక్కాలంటే 275 మెట్లు, ఇరుకుగా సుడి తిరుగుతాయి. డబ్బు చూసుకుని ఖర్చుపెట్టేవాళ్లు సాయంత్రం జరిగే ఈవెన్‌సాంగ్ ప్రార్థనకు వెళ్లొచ్చు, అందరికీ ఉచితం. చివరిదాకా కూర్చోవాలి, ఫొటోలు తీయకూడదు.

16. రైల్వే మ్యూజియం. స్టేషన్ వెనకే ఉంది, ప్రవేశం ఉచితం. 1938లో గంటకు 126 మైళ్లు పరుగెత్తి ఆవిరి ఇంజన్లలో ఇప్పటికీ రికార్డు నిలుపుకున్న మల్లార్డ్ ఇక్కడుంది. జపాన్ బుల్లెట్ రైలు పెట్టె కూడా చూడొచ్చు. తిరుగు ప్రయాణం రోజున, రైలుకు రెండు గంటల ముందు పెట్టుకుంటే సరిపోతుంది.

తరచూ జరిగే పొరపాట్లు

- పెద్ద బ్యాగుతో గోడ ఎక్కడం. చాలాచోట్ల ఊరి వైపు కటకటాలు ఉండవు. ఎవరికో దారివ్వబోయి పక్కకు తిరిగితే వీపు మీది బరువు మనల్ని లాగేస్తుంది. పిల్లలుంటే చెయ్యి పట్టుకుని లోపలికి కాక బయటి గోడ వైపు నడిపించండి.

- చిప్స్ శాకాహారమే అనుకోవడం. యార్క్‌షైర్‌లో చేపలు, బంగాళదుంపలు పశువుల కొవ్వులో వేయించడం పాత అలవాటు. చాలా దుకాణాలు ఇప్పటికీ అలాగే చేస్తాయి. ఏ నూనెలో వేయిస్తారని అడిగి కొనండి. యార్క్‌షైర్ పుడ్డింగ్ పేరు చూసి తీపి వంటకం అనుకోకండి. అది గుడ్లు, పాలు, పిండితో చేసేది, మాంసంతోపాటు తింటారు.

- సాయంత్రం కొనుక్కుందాంలే అనుకోవడం. దుకాణాలు చాలావరకు 5, 5:30కే మూసేస్తారు. ఆదివారం పెద్ద సూపర్‌మార్కెట్లు కూడా ఆరు గంటలకు మించి తెరవవు. వంటకు కావలసినవి ముందే కొనుక్కోండి. హాస్టల్ ఫ్రిజ్‌లో పెట్టే ప్రతిదాని మీద పేరు, తేదీ రాయండి. రాయకపోతే పారేస్తారు.

- చలికాలంలో నది ఒడ్డు దారిని నమ్ముకోవడం. వానలకు ఊజ్ పొంగితే కింగ్స్ స్టెయిత్ దగ్గర ఒడ్డు దారి మునిగిపోతుంది. నీళ్లు కనిపిస్తే దాటే ప్రయత్నం చేయకండి, వంతెన మీదుగా తిరిగి వెళ్లండి.

- ఒక్క రోజులో అన్నీ చూసేయాలనుకోవడం. టికెట్టున్న చోట్లు రోజుకు ఒకటి చాలు. యార్క్‌లో మంచివి చాలా వరకు ఉచితం, గోడతో సహా.

ఈ వరస బాగా కుదిరితే తర్వాత చెస్టర్ పెట్టుకోండి. అక్కడి గోడ దాదాపు మూడు కిలోమీటర్లు, పెద్దగా తెగకుండా ఊరంతా చుట్టి వస్తుంది. బ్యాగు దించడం, పొద్దు లెక్క చూసుకోవడం, ముందు గోడ తర్వాత ఊరు, అన్నీ అవే. రోడ్డు మీదికి దిగి మళ్లీ గోడ ఎక్కడ మొదలవుతుందా అని వెతుక్కునే పని మాత్రం అక్కడ పెద్దగా ఉండదు.